ఎల్లారమ్మ మడిలో ఎనిమిదో నీడ

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, రాజుగారి బొక్కసంలో బంగారం పక్కన ఉప్పు జాడీలకు కూడా తాళం వేసుకున్న రోజుల మాట. ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున తెల్లదిబ్బ అని ఒక పాలెం ఉండేది.

ఉప్పుదేముందిలే అని మూతి తిప్పుతున్నావా? రేపు మీ అమ్మని ఒక్క పూట ఉప్పు లేకుండా పప్పు వండమను. రెండో ముద్ద దిగితే నన్నడుగు. చేప ఎండాలన్నా ఉప్పే, ఊరగాయ నిలవాలన్నా ఉప్పే. చివరికి గొడ్డు కూడా ఉప్పు కోసం గోడలు నాకుతుంది. ఆ రాజ్యం మొత్తానికి ఉప్పు పెట్టేది తెల్లదిబ్బ ఒక్కటే.

అక్కడ ఏడు మళ్ళుండేవి. మడికొక ఆడమనిషి. పోటు మీద పాయలోకి వచ్చిన నీళ్ళని మళ్ళలోకి ఎక్కించేవారు. ఎండకి నీళ్ళు చిక్కబడి, పొర కట్టి, అడుగున ఉప్పు దిగేది. ఉప్పు దిగాక పైన కాస్త నీరు మిగులుతుంది. ఎర్రగా, జిడ్డుగా, నాలిక మీద పెడితే వేపాకు నమిలినట్టు ఉంటుంది. దాన్ని చేదునీరు అంటారు. చేదు కనిపించిన రోజే తూము పలక ఎత్తి ఆ నీటిని పాయలోకి వదిలెయ్యాలి. వదలకపోతే చేదంతా ఉప్పులోకి దిగుతుంది. అలాంటి ఉప్పు చూడ్డానికి మరింత బరువుగా, మరింత మెరుస్తూ ఉంటుంది. తింటే మాత్రం కడుపులో తిప్పేస్తుంది.

చేదు వచ్చిందో రాలేదో చెప్పాల్సింది ఆ మడి మనిషే. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని చెప్పాలి. ఒకరి మడిలో మరొకరు వేలు పెట్టకూడదని అక్కడి కట్టడి. ఏడు మళ్ళ తూములూ ఎత్తేవాడు మాత్రం ఒక్కడే. అతని పేరు గవరయ్య. ముసలివాడు. ఎడమ భుజం కిందికి వాలి ఉండేది, చెవి కాస్త మందం. రోజూ మధ్యాహ్నం గట్టు వెంట నడుస్తూ, అరచెయ్యి చెవికి ఆనించుకుని ఒక్కొక్కరినీ అడిగేవాడు.

"చేదొచ్చిందేటమ్మా?"

వచ్చిందంటే తూము ఎత్తేవాడు. రాలేదంటే ముందుకు పోయేవాడు. అంతే అతని పని.

ఆ ఏడుగురిలో ఎల్లారమ్మ నాలికకి పెట్టింది పేరు. మొగుడు చేపల వేటకని పడవెక్కి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఉన్నది ఒక్కతే కూతురు, ముత్యాలు. ఎనిమిదేళ్ళది. పొద్దున్నే మడిలో దిగిన తల్లికి మధ్యాహ్నం అంబలి కుండ నెత్తిన పెట్టుకుని తెచ్చేది.

ఎల్లారమ్మకి ఒకటే పిచ్చి. ఏటా పెద్ద పున్నమికి ఏడు రాశులూ పక్కపక్కన పోసి కొలిచేవారు. ఎవరి రాశి ఎత్తుగా ఉంటే వాళ్ళ పేరు రాజ్యమంతా దండోరా వేయించేవారు. వరసగా మూడేళ్ళు ఎల్లారమ్మ పేరే మోగింది. నాలుగో ఏడు పున్నమి ఇంకా రాకముందే పక్క మడి సూరీడమ్మ రాశి ఆవిడ రాశికన్నా జానెడు ఎత్తు పెరిగింది. అది చూసినప్పటినుంచీ ఎల్లారమ్మకి ముద్ద మింగుడు పడలేదు.

అప్పుడు చేసిందమ్మా ఆ పని! వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. చేదు. నిక్షేపంలాంటి చేదు. గవరయ్య గట్టు మీదకొచ్చాడు.

"చేదొచ్చిందేటమ్మా?"

"ఇంకా రాలేదు తాతా" అంది ఎల్లారమ్మ. ఇంకొక్క రోజుంటే ఇంకొక్క పొర దిగుతుంది కదా అని ఆశ.

రెండో రోజు మళ్ళీ అడిగాడు. రాలేదంది. మూడో రోజు అడిగాడు. అప్పుడూ రాలేదనే అంది. గవరయ్య తూము ఎత్తే కర్ర భుజాన వేసుకుని ముందుకు పోయాడు. నాలుగో రోజు ఆవిడే పిలిచి వచ్చిందని చెప్పింది. అతను తూము ఎత్తాడు. నీళ్ళు ముదురెరుపుగా కారిపోతుంటే వాటి వంక చాలాసేపు చూశాడు.

ఎల్లారమ్మ రాశే గెలిచింది. దండోరా మోగింది. ఏడు రాశులూ ఒకటిగా కలిపి పడవలకెక్కించారు.

నెల తిరక్కుండానే పడవలు వెనక్కి వచ్చాయి. ఆ ఉప్పుతో పెట్టిన ఊరగాయలు చేదెక్కాయి, ఆ కూడు తిన్నవాళ్ళు వాంతులు చేసుకున్నారు. మళ్ళ మీద రాజుగారి అధికారి బసవరాజు గుర్రం దిగి గట్టు మీద నిలబడ్డాడు.

"తూము వేళకి ఎత్తనిది ఎవరు?" అన్నాడు.

తూము ఎత్తేవాడు ఒక్కడే కదా, అందరూ గవరయ్య వంక చూశారు. గవరయ్య ఎల్లారమ్మ వంక చూశాడు. ఎల్లారమ్మ తన కాలి వేళ్ళ వంక చూసుకుంది.

"అడగడం నా వంతు దొరా, అడిగాను. చెప్పడం నా వంతు కాదు" అన్నాడు గవరయ్య.

ఆవిడ నోరు విప్పుతుందని ఎదురుచూశాడు పాపం. ఆవిడ విప్పలేదు. ఎందుకంటే ఉప్పు చెడగొట్టినవాళ్ళని పాయ దాటించి మడ అడవిలోకి తరిమేస్తారు. వాళ్ళకి ఎవ్వరూ చిటికెడు ఉప్పు ఇవ్వకూడదు, పలకరించకూడదు. సముద్రం పక్కనే ఉన్నా ఆ నీళ్ళు కూటిలో పోసుకోకూడదు. నేను పోతే నా ముత్యాలు దిక్కులేనిదైపోతుంది అనుకుంది ఎల్లారమ్మ. బిడ్డ పేరు చెప్పుకుని తనకి తాను నచ్చజెప్పుకుంది.

గవరయ్య చేతిలో తూము కర్ర విరిచేశారు. అతను పాయలో మొలలోతు నీళ్ళలోంచి నడిచి అవతలి ఒడ్డు చేరాడు. మడ చెట్ల నీడల్లోకి వెళ్ళాడు. మళ్ళీ కనబడలేదు.

ఆ తరవాత ఎవరి తూము వాళ్ళే ఎత్తుకోసాగారు. మళ్ళకి కొత్త నీళ్ళు ఎక్కించారు. ఆరు మళ్ళలో ఉప్పు మామూలుగానే దిగింది. ఎల్లారమ్మ మడిలో మాత్రం దిగలేదు. నీళ్ళు ఎక్కించిన రోజునుంచే ఎర్రగా ఉండిపోయాయి. పోనీ వదిలేద్దామంటే తూము పలక కదల్లేదు. నలుగురు మగాళ్ళు పట్టి లాగినా కదల్లేదు. గాలి వీచినా ఆ నీళ్ళ మీద అల లేచేది కాదు. కొంగలు అన్ని మళ్ళ మీదా వాలేవి కానీ, దాని మీదకి వచ్చేసరికి పక్కకి తిరిగి పోయేవి.

గవరయ్య పోయిన ముప్పై ఎనిమిదో రోజు. మిట్టమధ్యాహ్నం. ఎండ నెత్తిన నిలబడి ఉంది. మడి సంగతేమిటో చూద్దామని ఏడుగురు ఆడవాళ్ళూ గట్టు మీద వరసగా నిలబడ్డారు. సూరీడమ్మ ఊరికే నీళ్ళలోకి చూసి, వేలితో లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టింది.

"మనం ఏడుగురం కదే?" అంది.

నీళ్ళలో ఎనిమిది నీడలున్నాయి.

ఎనిమిదోది ఎల్లారమ్మ నీడ పక్కనే నిలబడి ఉంది. దాని ఎడమ భుజం కిందికి వాలి ఉంది. గట్టు మీద ఎల్లారమ్మ పక్కన మాత్రం ఎవ్వరూ లేరు, ఉత్త ఎండ తప్ప. ఆడవాళ్ళు కెవ్వుమని పరిగెత్తారు. ఎల్లారమ్మ కాళ్ళు కదల్లేదు. నీళ్ళలో ఆ నీడ నెమ్మదిగా అరచెయ్యి ఎత్తి చెవికి ఆనించుకుంది. పెదాలు కదిలాయి. ఎల్లారమ్మ ఒక్కదానికే వినిపించింది.

"చేదొచ్చిందేటమ్మా?"

భయానికి నాలిక తన అలవాటు మాటే తను అనేసింది. "ఇంకా రాలేదు తాతా."

అప్పుడే ముత్యాలు అంబలి కుండతో వచ్చి తల్లి పక్కన నిలబడింది. ఎల్లారమ్మ నీళ్ళలోకి చూసింది. ముత్యాలు నీడ ఉంది. నీడకి పాదాలు లేవు.

పిల్లని చంకనేసుకుని ఇంటికి పరిగెత్తింది. పాదాలు పట్టుకు చూస్తే బావి అడుగు రాయిలా చల్లగా ఉన్నాయి. వేళ్ళ సందుల్లో తెల్లటి పొర. "దారిలో ఇసక కాల్లేదా తల్లీ?" అని అడిగింది ఎల్లారమ్మ. "ఏమీ తెలీడంలేదే" అంది ముత్యాలు. దిష్టి తగిలిందేమోనని గుప్పెడు ఉప్పు, మిరపకాయలు తీసి పిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. పొయ్యిలో ఉప్పు వేస్తే ఏమవుతుంది? చిటపటమంటుంది కదా? ఆ ఉప్పు చిటపటమనలేదు. నిప్పుల్లో పడి ఊరుకుంది. 

మరునాడు పొరుగూరి భూతవైద్యుణ్ణి పిలిపించింది. ఆయన వేపమండలు, పసుపు, నిమ్మకాయలు పట్టుకుని దర్జాగా వచ్చాడు. దయ్యాలు తన పేరు చెబితే ఊరొదిలి పోతాయని దారంతా చెప్పుకుంటూ వచ్చాడట. మిట్టమధ్యాహ్నం గట్టెక్కి నీళ్ళలోకి తొంగి చూశాడు. చేతిలో వేపమండ జారి నీళ్ళలో పడింది. పడ్డ చప్పుడు కాలేదు, చిన్న అల కూడా లేవలేదు.

"ఇది దయ్యం కాదమ్మా. దయ్యమైతే కోడినో మేకనో అడుగుతుంది, ఇచ్చి పంపించొచ్చు. ఇది జవాబు అడుగుతోంది. జవాబుకి నా దగ్గర మంత్రం లేదు" అన్నాడు. సంచీ కూడా మర్చిపోయి గబగబా వెళ్ళిపోయాడు.

నీళ్ళలో నీడ మళ్ళీ చెయ్యి చెవికి ఆనించుకుంది.

"చేదొచ్చిందేటమ్మా?"

ఈసారి ఎల్లారమ్మ పళ్ళు బిగించి, పెదాలు బిగించి ఊరుకుంది. అబద్ధం చెప్పలేదు కదా అనుకుంది. ఊరుకుంటే మాత్రం అబద్ధం కాకుండా పోతుందా? ఇంటికెళ్ళి చూస్తే ముత్యాలు నడుము దాకా చల్లబడిపోయింది. గంజి పోస్తే తాగలేదు. "రుచి లేదమ్మా" అంది. ఉప్పేసి పెట్టింది, రుచి లేదంది. ఇంకా వేసి పెట్టింది. "ఏమీ తెలీడంలేదే అమ్మా" అని నెమ్మదిగా పడుకుంది. ఏడవలేదు, మారాం చెయ్యలేదు. పిల్ల మారాం చెయ్యకపోవడమే తల్లిని ఎక్కువ భయపెట్టింది.

మూడో రోజు ఎల్లారమ్మ ముత్యాల్ని ఇంట్లో పడుకోబెట్టి, బయట గడియ పెట్టి, గడియకి తాడు కట్టి మరీ వచ్చింది. పిల్లని ఆ నీళ్ళకి చూపించకపోతే సరి అనుకుంది, పిచ్చితల్లి. ఆ రోజు మడి వింత చూడ్డానికి బసవరాజు కూడా వచ్చాడు. పాలెమంతా దూరంగా నిలబడింది. గాలి లేదు. సముద్రం ఘోష కూడా ఎందుకో వినబడలేదు.

ఎండ నెత్తి మీదకొచ్చింది. ఎల్లారమ్మ నీళ్ళలోకి చూసింది. తన నీడ ఉంది. పక్కన గవరయ్య నీడ ఉంది. ఆ నీడని ఆనుకుని చిన్న మొహం ఒకటి ఉంది. మెడ కింద ఏమీ లేదు.

తల తిప్పి చూసింది. ముత్యాలు పక్కనే నిలబడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. దూరంగా గుడిసె తలుపుకి వేసిన గడియ వేసినట్టే ఉంది, కట్టిన తాడు కట్టినట్టే ఉంది.

"చేదొచ్చిందేటమ్మా?"

చెబితే తూము కర్ర విరిచినట్టే తన బతుకూ విరిచేస్తారు. పాయ దాటిస్తారు. పాలెంలో మొహమెత్తుకుని తిరిగే వీలుండదు. రాజ్యమంతా మోగిన పేరు మీద రాజ్యమంతా ఉమ్మేస్తుంది. చెప్పకపోతే? నీళ్ళలో ఆ చిన్న మొహం గడ్డం దగ్గర కరగడం మొదలైంది.

"వచ్చింది తాతా!" అని గుండెలు పగిలేలా అరిచింది. "చేదొచ్చింది! నువ్వడిగిన మొదటి రోజే వచ్చింది! మూడు సార్లు అడిగావు, మూడు సార్లూ నేనే అబద్ధమాడాను! నా రాశి ఎత్తుగా ఉండాలని ఆడాను! చేదు నా మడిదే, తప్పు నాదే, నీది కాదు తాతా, నీది కాదు!"

పాలెమంతా విన్నది. బసవరాజు విన్నాడు. సూరీడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నీళ్ళలో గవరయ్య నీడ చెవి మీదనుంచి చెయ్యి దించింది. నెమ్మదిగా తూము దగ్గరికి నడిచి వంగింది. నలుగురు మగాళ్ళు లాగినా కదలని పలక, ఎవరి చెయ్యీ తగలకుండా, కిర్రుమంటూ పైకి లేచింది. ఎర్రనీళ్ళు బుసకొడుతూ పాయలోకి దూకాయి. నీళ్ళు తగ్గేకొద్దీ నీడ పల్చబడింది. ఆఖరి చుక్కతో పాటు అదీ పోయింది. మడి అడుగున తడి మన్ను మాత్రం మిగిలింది.

"అమ్మా! కాళ్ళు కాల్తున్నాయే! కాల్తున్నాయే!" అంటూ ముత్యాలు గెంతులేసింది.

మొహం మీద చెమట పోసింది. ఒకటే ఏడుపు, ఒకటే మారాం. ఎల్లారమ్మ పిల్లని ఎత్తుకుని బుగ్గల మీద ముద్దులు పెడుతూ, ఏడుస్తూ నవ్వింది. కాళ్ళు కాలుతున్నాయని బిడ్డ ఏడిస్తే అంత సంతోషపడిన తల్లి లోకంలో ఇంకొకర్తె ఉండదు.

పిల్లని సూరీడమ్మ చేతుల్లో పెట్టి, ఎవరూ చెప్పకుండానే ఎల్లారమ్మ పాయలోకి దిగింది. మడ అడవిలో వెతికింది. వేళ్ళు పైకి పొడుచుకొచ్చిన చెట్ల మధ్య, బురదలో, చెవికి అరచెయ్యి ఆనించుకుని గవరయ్య కూర్చుని ఉన్నాడు. ఎముకల గూడులా అయిపోయాడు.

"వినపడిందమ్మా. ఇన్నాళ్ళకి వినపడింది" అన్నాడు.

"నన్నడిగింది నువ్వేనా తాతా?"

"రోజూ మధ్యాహ్నం అడుగుతూనే ఉన్నానమ్మా. ఇక్కడ నాకు వేరే పనేముంది?"

ఎల్లారమ్మ అతని కాళ్ళ మీద పడింది. అతను లేవడానికి చెయ్యి అందించమన్నాడంతే.

ఇద్దరూ పాయ దాటి వచ్చేసరికి బసవరాజు భటులతో సిద్ధంగా ఉన్నాడు. "ఈమెని పాయ దాటించండి" అన్నాడు.

గవరయ్య అడ్డంగా చెయ్యి చాపాడు. "ఆగండి దొరా. ఒక తప్పుకి ఎన్ని శిక్షలు?"

"ఒకటే."

"అది నేను తినేశాను. నలభై రోజులు ఉప్పు లేని కూడు, మనిషి పలకరింపు లేని బతుకు. ఆ తప్పుకి రాసిపెట్టిన శిక్ష అయిపోయింది. ఇంకొకటి కావాలంటే ఇంకొక తప్పు చూసుకోండి."

తూము కర్ర విరిచింది బసవరాజు ఉత్తరువుతోనే. నిజం కనుక్కోకుండా వేసిన శిక్ష తనదే. తలవంచుకుని గుర్రమెక్కాడు. అదే వారం గవరయ్య నిర్దోషి అని రాజ్యమంతా దండోరా వేయించాడు.

ఆ సాయంత్రం ఎల్లారమ్మ వేడి వేడి కూడు వండి గవరయ్య ముందు పెట్టింది. పక్కన ఉప్పు చిప్ప పెట్టింది. అతను చిటికెడు తీసి కలుపుకున్నాడు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నమలడం ఆపేశాడు. మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు జలజలా కారి గడ్డంలోకి దిగాయి. అంత ముసలివాడు, తరిమేసిన రోజున కూడా ఏడవనివాడు, చిటికెడు ఉప్పుకి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తను అతని దగ్గరనుంచి లాక్కున్నదేమిటో ఎల్లారమ్మకి అప్పుడు తెలిసింది. ఉప్పు చిప్ప తీసి అటకెక్కించింది. ఎవరూ శిక్ష వెయ్యకపోయినా, నలభై రోజులు ఆవిడ ఉప్పు ముట్టలేదు.

అందుకే పిల్లలూ, తప్పు చేసిన రోజే ఒప్పుకుంటే ఒక మడి ఉప్పుతో పోతుంది, దాచుకుంటే ఆ చేదు ఏ పాపం ఎరగనివాళ్ళ కూటిలోకీ, చివరికి మన కడుపున పుట్టినవాళ్ళ దాకానూ పాకుతుంది.